రేడియో మూగబోయిన వేళ
(మామునూరు మైదానంలో ఒక సాయంత్రం)

వరంగల్లు చూడవచ్చినవాళ్లు ఏమేం చూసిపోతారో మీకు తెలియనిది కాదు. వేయి స్తంభాల గుడి చూస్తారు. భద్రకాళి అమ్మవారి దర్శనం చేసుకుని చెరువుగట్టున కాసేపు కూర్చుంటారు. కోటలోకి వెళ్లి కాకతీయుల తోరణాల కింద నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. ఓపిక ఉన్నవాళ్లు రామప్ప దాకా, పాకాల దాకా పోయివస్తారు. అంతేకాని ఖమ్మం రోడ్డు పట్టుకుని, మామునూరు మైదానం చూసివద్దామని బయలుదేరిన యాత్రికుడి సంగతి నేనెన్నడూ వినలేదు. అక్కడ గోపురమూ లేదు, శిల్పమూ లేదు. ఉన్నదల్లా గడ్డి, గాలి, ఆకాశం. ఆ మూడింటినీ చూడడానికే 2025 శ్రావణ మాసంలో ఒక సాయంత్రం మేము నలుగురం కారెక్కాం. మా అక్కయ్య, బావగారు, వాళ్లమ్మాయి, నేను. అక్కయ్య పులిహోర కలిపి డబ్బాలో సర్దింది. మా ఇంట్లో ఎంత గంభీరమైన వ్యవహారమైనా పులిహోర లేకుండా తేలదు.

వ్యవహారమేమిటో తరువాత మనవి చేస్తాను. ముందు ఆ మైదానం కథ వినండి.

నిజాం రాజ్యపు చివరి ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, 1930 ప్రాంతంలో, మామునూరు దగ్గర విమానాలు దిగడానికి మైదానం చదునుచేశారు. ఆ తరువాత నాలుగేళ్లకు, 1934లో, వరంగల్లులో ఆజంజాహి మిల్లు వెలిసింది. మిల్లుకు వచ్చిపోయే పెద్దమనుషులకూ, ప్రభుత్వపు కొలువుకాండ్రకూ ఈ మైదానం అక్కరకు వచ్చింది. మిల్లు ఇప్పుడు లేదు. మైదానంలోనూ 1981 తరువాత ప్రయాణికుల విమానం దిగలేదు. గడ్డి మొలిచింది. ఎన్.సి.సి. పిల్లలు వచ్చి నమూనా విమానాలు ఎగరవేసుకునేవారు. చుట్టూ పోలీసు శిక్షణ కళాశాల, పటాలం క్వార్టర్లు లేచాయి. ఇన్నేళ్లకు మళ్లీ, 2025 ఫిబ్రవరిలో, ఇక్కడ విమానాశ్రయం నిర్మించడానికి కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. అప్పటికి విమానాశ్రయాల సంస్థ చేతిలో 696 ఎకరాలుండేవట. రన్‌వే పొడిగించడానికీ, తక్కిన హంగులకూ ఇంకో 253 ఎకరాలు కావాలని లెక్క తేల్చారు.

మేము రోడ్డు పక్కన కారు ఆపి, ఒక పొలం గట్టుమీద దుప్పటి పరిచేసరికి, ఎడ్లను తోలుకుపోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి ఆగాడు.

"ఏం సారూ, భూములు కొనేటందుకు వచ్చిండ్రా?" అన్నాడు.

"లేదు పెద్దయ్యా, మైదానం చూద్దామని" అన్నాను.

"సూడుండ్రి. మా తాత చెప్పేటోడు, మబ్బులకెల్లి మోటరు వస్తాందంటే ఊరంత ఉరికొచ్చి సూసేటోళ్లట. మల్ల వస్తదంటాండ్రు. రానీ సారూ, మేం కాదంటలేం. గని భూమి పోయినోనికి ఇస్తమన్నది ఇయ్యాలె గద!" అని, జవాబు కోసం ఆగకుండానే ఎడ్లను అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ మాట అప్పటికి నా చెవిన పడిందే కాని మనసున పడలేదు.

ఇక మా వ్యవహారం. మా మేనకోడలు విమానం నడపడం నేర్చుకుంటున్నది. హైదరాబాదుకు చేరువలో ఒక శిక్షణ పాఠశాలలో చేరింది. వృత్తి పైలట్ లైసెన్సు చేతికి రావాలంటే మన దేశంలో 200 గంటలు ఎగరాలి. అందులో కొన్ని ప్రయాణాలు పక్కన గురువు లేకుండా, ఒక ఊరినుంచి మరో ఊరికి, ఒంటరిగా చేయాలి. అలాంటి ప్రయాణంలో, వానపట్టు రోజున, దాని విమానంలో రేడియో మూగబోయింది. పిల్ల క్షేమంగా దిగింది. దిగిన సంగతి పదిహేను రోజుల తరువాత గాని ఇంట్లో చెప్పలేదు. చెప్పిననాటినుంచి అక్కయ్యకు నిద్ర లేదు.

"ఇక చాలు. ఉన్న ఊళ్లో ఏదైనా ఉద్యోగం చూసుకో" అని అక్కయ్య.

"ఇంకా అరవై గంటలే మిగిలాయమ్మా" అని పిల్ల.

బావగారు కాజీపేటలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవారు. ఆయన ఎటూ చెప్పలేక నాకు కబురుచేశారు. నాలుగు గోడల మధ్య తేలని తగువు ఆరుబయట తేలుతుందేమోనని మామునూరు ప్రయాణం నేనే పెట్టాను.

అక్కయ్య భయం ఉట్టి భయం కాదని మొదటే ఒప్పుకోవాలి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు బేగంపేటలో లేచి చిత్తూరు వైపు వెళుతూ, దారిలో రేడియోకు అందకుండా పోయిన రోజు ఏ తెలుగింట్లోనైనా ఎవరు మరిచిపోయారు? రాత్రంతా టీవీల ముందు కూర్చున్నాం. మర్నాడు నల్లమల అడవిలో శకలాలు కనిపించాయి. అయిదుగురు పోయారు. ఆ తరువాత 2019 అక్టోబరు 6న, కలబురగినుంచి హైదరాబాదుకు వస్తున్న శిక్షణ విమానమొకటి వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ పొలాల్లో కూలి, ఇద్దరు చిన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజూ వానే, ఆ రోజూ మబ్బే.

"మాట ఆగిపోవడం, మనిషి పోవడం. రెండూ ఒక్కటేగదే తల్లీ!" అన్నది అక్కయ్య.

"కాదమ్మా. అదే నీకు చెప్పాలి" అని పిల్ల గడ్డిమీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నది. "2009లో దర్యాప్తు చేసినవాళ్లు ఏం తేల్చారో తెలుసా? రేడియో పాడవడంవల్ల హెలికాప్టరు పడలేదు. యంత్రంలో నూనె ఒత్తిడి తగ్గిందని ఒక హెచ్చరిక వచ్చింది. పైలట్ల ధ్యాస చాలా నిమిషాలు దానిమీదా, పుస్తకంలో దాని విరుగుడు వెతకడంమీదా ఉండిపోయింది. ఆ లోపల భయంకరమైన వాతావరణంలోకి పోయారు. కిందికి తోసే గాలి పట్టుకుంది. అందుకే మాకు మొదటి రోజే నేర్పుతారు. ముందు విమానం నడుపు, తరువాత దారి చూసుకో, ఆ తరువాతే మాట్లాడు. మాట మూడోది."

"రైల్లో కూడా అంతే. ముందు బ్రేకు, తరువాత ఈల" అన్నారు బావగారు.

నాకు ఈ విద్య కొత్త. అందుకని మొదటినుంచీ చెప్పమన్నాను. అది చెప్పినదాన్ని నాకు అర్థమైనంతవరకు మీకు మనవి చేస్తాను.

ఆకాశమంతా ఒకటే అనుకుంటాం. కాదట. పెద్ద విమానాశ్రయాల చుట్టూ, పైనా, అనుమతి లేనిదే చొరరాని ఆకాశం ఉంటుంది. దాన్ని కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ అంటారు. అందులోకి రావాలన్నా, ఎత్తు మార్చాలన్నా, దిగాలన్నా కంట్రోలరుతో మాట్లాడి సెలవు తీసుకోవాలి. హైదరాబాదు చుట్టుపక్కల ఈ ఆకాశం మరీ ఇరుకు. 2008 మార్చినుంచి పెద్ద విమానాలన్నీ శంషాబాదులో దిగుతున్నాయి. బేగంపేటలో శిక్షణ విమానాలూ, ప్రత్యేక విమానాలూ తిరుగుతుంటాయి. హకీంపేటలోనూ, దుండిగల్లులోనూ వాయుసేనవారు తమ కుర్రవాళ్లకు తర్ఫీదు ఇస్తుంటారు. నాలుగు వీధులు కలిసేచోట పోలీసు ఎంత అవసరమో అక్కడ కంట్రోలరు అంత అవసరం.

"ఆ రోజు తూర్పున ఒక చిన్న మైదానానికి వెళ్లి, దిగి, తిరిగి వస్తున్నాను" అన్నది పిల్ల. "ఇంకో పది నిమిషాల్లో అనుమతి కావలసిన హద్దు వస్తుంది. పడమట మబ్బు కిందికి దిగి ఉంది. కంట్రోలును పిలిచాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. జవాబు సరే, చెవుల్లో ఎప్పుడూ వినిపించే హోరు కూడా లేదు. అప్పుడు తెలిసింది, రేడియో పోయిందని."

అక్కయ్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇంజనూ ఆగిపోతుందేమోనని గుండె గుభేలుమనలేదూ?"

"ఇంజనుకూ రేడియోకూ సంబంధం లేదమ్మా. మా చిన్న విమానాల ఇంజనుకు మాగ్నెటోలుంటాయి, రెండు. అవే నిప్పురవ్వ పుట్టిస్తాయి. విమానంలో కరెంటు మొత్తం పోయినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. ఎత్తు చూపే ముల్లూ, వేగం చూపే ముల్లూ గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. వాటికీ కరెంటు అక్కర్లేదు. పోయిందల్లా నా గొంతూ, నా చెవులూ. రెక్కలు ఉన్నాయి, కళ్లు ఉన్నాయి."

అప్పుడు అది చేసిన పనులు వరసగా చెప్పింది. రెక్కలు సమంగా ఉన్నాయా, ఎత్తు, వేగం సరిగా ఉన్నాయా చూసుకున్నది. ఆ తరువాత రేడియో చూసింది. ధ్వని పెంచే మర ఎవరిదైనా మోచెయ్యి తగిలి తగ్గిపోయిందేమో. చెవుల్లో పెట్టుకునే ఫోను ప్లగ్గు వదులైందేమో. అంకెలు తప్పు తిప్పానేమో. మాట్లాడే మీట నొక్కినచోటే ఇరుక్కుపోయిందేమో. అలా ఇరుక్కుంటే మన మాట వెళ్లకపోగా పక్కవాళ్ల మాటా ఆగిపోతుందట. అవన్నీ బాగానే ఉన్నాయి. ఇంతకుముందు మాట్లాడిన స్టేషనును పిలిచింది. ఆపదలో వాడే 121.5 మీద పిలిచింది. ఎక్కడా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అప్పుడు 7600 పెట్టాను" అన్నది.

విమానంలో ట్రాన్స్‌పాండరని ఒక పెట్టె ఉంటుంది. నేలమీది రాడారు "ఎవరు నువ్వు?" అని అడిగినప్పుడల్లా అది తనంతట తాను నాలుగంకెల జవాబు చెబుతుంది. ఒక్కొక్క అంకె 0 నుంచి 7 లోపలే ఉండాలి. అలా 4096 జవాబులు కుదురుతాయి. వాటిలో మూడింటిని ప్రపంచమంతా ఆపదకని విడిగా ఉంచింది. 7500 అంటే విమానాన్ని దుండగులు పట్టుకున్నారని. 7700 అంటే ప్రాణాపాయమని. 7600 అంటే నేను క్షేమమే, నా రేడియోయే పోయిందని. ఆ అంకెలు తిప్పితే, మనం మూగవాళ్లమైనా రాడారు తెరమీద కంట్రోలరుకు కబురు చేరుతుంది. ఈ పెట్టెలు విరివిగా రాకముందు కొన్ని దేశాల్లో పైలట్లు ఆకాశంలో త్రిభుజాకారంగా తిరిగేవారట. కుడివైపు తిరిగితే వినగలను గాని మాట్లాడలేను అని, ఎడమవైపు తిరిగితే రెండూ పోయాయని గుర్తు. రాడారు తెరమీద ఆ ముక్కోణం చూసి, కిందివాళ్లు గ్రహించేవారు.

"అంకెలు తిప్పాక కూడా మాట్లాడుతూనే ఉన్నాను" అన్నది పిల్ల.

"వినేవాళ్లు లేందే ఎవరితోనే?" అని అక్కయ్య ఆశ్చర్యపోయింది.

"నాకు వినపడకపోతే వాళ్లకూ వినపడదని రూలు లేదుగా! ఎక్కడున్నానో, ఎంత ఎత్తులో ఉన్నానో, ఏం చేయబోతున్నానో రెండేసి సార్లు చెప్పాలి. ఒక్కోసారి వినే చెవి పోతుంది, మాట్లాడే గొంతు ఉంటుంది. ఒక్కోసారి మాట పోయి మీట చప్పుడు మాత్రం వెళుతుంది. అప్పుడు కంట్రోలరే, అవునంటే ఒకసారి నొక్కు అని చెప్పి, ఆ టిక్కు టిక్కులతోనే దారి చూపిస్తాడు."

ఇక అసలు చిక్కు వచ్చింది. ముందర తన మైదానం. సరిగా పావుగంట దూరం. అక్కడ దాని మంచం, దాని స్నేహితులు, దాని భోజనం. కాని మధ్యన మబ్బు, అనుమతి కావలసిన ఆకాశం. వెనుక, ఇందాక వదిలివచ్చిన చిన్న మైదానం. అక్కడ ఎండ కాస్తున్నది.

"తిన్నగా వచ్చేయకపోయావా, మీ వాళ్లే ఉంటారుగా?" అన్నాను నేను.

"ఆ తొందరే మనుషుల్ని చంపుతుంది మామయ్యా. నేల కనిపిస్తుండగా కళ్లతో చూసి నడిపే విమానం నాది. కనీసం 5 కిలోమీటర్ల చూపు ఆనాలి. మబ్బుకు 1500 మీటర్లు పక్కగా, 300 మీటర్లు కిందుగా ఉండాలి. అలా నడిపేవాడి రేడియో పోతే రూలు ఒక్కటే. చూపు ఆనే ఆకాశంలోనే ఉండు, దగ్గర్లో తగిన మైదానంలో దిగు, దిగీదిగగానే కబురు చెప్పు. తగిన మైదానం అన్నారు గాని నీ మైదానం అనలేదు. మబ్బులోకి దూరితే రెండు నిమిషాల్లో ఏది పైనో ఏది కిందో తెలియదు. అవతల వాయుసేన విమానాలుండవచ్చు. నా మాట లేకుండా వాళ్ల మధ్యకు పోవడం దొంగతనంగా పట్టాలు దాటడంలాంటిది. అందుకని వెనక్కి తిరిగాను. రైలు పట్టాలు కనిపించాయి. వాటిని ఎడమవైపు పెట్టుకుని వచ్చాను."

ఈ మాటతో బావగారి ముఖం వెలిగిపోయింది. ఆకాశంలో పోయే కూతురికి దారి చూపింది రైలు పట్టాలని తెలిసి ఏ రైల్వే తండ్రి పొంగిపోడు? రేడియోలు లేని కాలంలో పైలట్లందరికీ రైలు పట్టాలే దారట. పైనుంచి చూస్తే మన వరంగల్లంత సులువుగా పోల్చుకోదగిన ఊరు అరుదని పిల్ల అన్నది. కాజీపేట దగ్గర సికింద్రాబాదు దారి, బల్లార్షా దారి, విజయవాడ దారి మూడూ మూడు వైపులకు చీలుతాయి. వడ్డేపల్లి చెరువు, భద్రకాళి చెరువు, ధర్మసాగరం ఎండలో అద్దాల్లా మెరుస్తాయి. కోట చుట్టూ మట్టిగోడ, లోపల రాతిగోడ గుండ్రంగా, ఎవరో ముగ్గు వేసినట్టు కనిపిస్తాయి. కాకతీయులు శత్రువు రాకుండా కట్టుకున్నవి ఈనాడు బాటసారికి గుర్తులయ్యాయన్నమాట.

"సరే, చిన్న మైదానానికి వచ్చావు. దిగమని ఎవరు చెప్పారు? నీకు వినపడదు గదా!" అని అడిగారు బావగారు.

"లాంతరు చెప్పింది నాన్నా. మైదానం మీదుగా ఎత్తున ఒకసారి తిరిగి, గాలి సంచి ఎటు ఊగుతున్నదో, వేరే విమానమేదైనా దిగుతున్నదేమో చూశాను. తరువాత అందరూ తిరిగే వరసలోకి వచ్చాను. టవరు వైపు చూస్తే పచ్చదీపం మిణుకు మిణుకుమంటున్నది. అంటే దిగడానికి రా అని. రెక్కలు అటూ ఇటూ ఊపాను, చూశానని. రన్‌వేకు ఎదురుగా వచ్చేసరికి పచ్చదీపం నిలకడగా వెలిగింది. ఇక దిగవచ్చునని."

"ఎర్రదీపమైతే?"

"నిలకడగా ఎర్రదైతే, ఇంకొకరికి దారి ఇచ్చి తిరుగుతూ ఉండు అని. ఎర్రది మిణుకుతుంటే ఈ మైదానం క్షేమం కాదు, దిగకు అని. రాత్రిపూట రెక్కలు కనిపించవు కనుక జవాబుకు మన దీపం రెండుసార్లు ఆర్పి వెలిగించాలి."

బావగారు తొడమీద చరుచుకున్నారు. "నేను ముప్ఫై ఏళ్లు చేసిన ఉద్యోగమే ఇది! పచ్చజెండా, ఎర్రజెండా!"

ఆయన అన్నది నిజమే. అమెరికాలో సెయింట్ లూయిస్ విమానాశ్రయంలో 1929 ప్రాంతంలో ఆర్చీ లీగ్ అనే ఆయన ఒక చక్రాల బండిలో కుర్చీ, గొడుగు, జెండాలు వేసుకుని మైదానం చివర కూర్చునేవాడు. గళ్లజెండా ఊపితే పొమ్మని, ఎర్రజెండా ఊపితే ఆగమని. విమానాలను అదుపుచేసిన మొదటి మనుషుల్లో ఆయనొకడు. రేడియో వచ్చి ఆ జెండాలను మూలపెట్టింది గాని, రేడియో మూగబోయిననాడు వాటి బిడ్డలైన ఆ రంగుదీపాలే ఈనాటికీ దిక్కు.

నాకొక సందేహం మిగిలింది. ఇది కళ్లకు కనిపించేవాడి సంగతి. వందలమందిని ఎక్కించుకుని, మబ్బుల్లో, యంత్రాలు చూసుకుంటూ పోయే పెద్ద విమానానికి రేడియో పోతే? దానికి లాంతరు ఎక్కడ కనిపిస్తుంది?

"దానికి ముందే రాసుకున్న ఒప్పందం ఉంది మామయ్యా. బయలుదేరేముందే ఏ దారిన, ఏ ఎత్తున, ఎన్ని గంటలకు చేరుతామో రాసి ఇస్తారు. రేడియో పోతే, చివరగా చెప్పిన ఎత్తూ వేగమూ కొంతసేపు మార్చకూడదు. రాడారు ఉన్న ఆకాశంలో 7 నిమిషాలు, లేనిచోట 20 నిమిషాలు. ఆ తరువాత రాసి ఇచ్చిన ప్రకారమే పోవాలి. చేరవలసినచోట ముందే వచ్చినా, చెప్పిన వేళ అయ్యేవరకు పైన తిరుగుతూ ఉండి, అప్పుడే కిందికి దిగడం మొదలుపెట్టాలి. ఆ వేళ దాటిన అరగంట లోపల దిగిపోవాలి. ఇదంతా కింద కంట్రోలరుకూ తెలుసు. అందుకని ఆ దారి, ఆ ఎత్తు, ఆ అరగంట దానికే వదిలి, తక్కిన విమానాలను పక్కకు తప్పిస్తాడు. మాట్లాడుకోరు. కాని ఇతను ఏం చేస్తాడో అతనికి తెలుసు, అతను ఏం చేస్తాడో ఇతనికి తెలుసు."

"వర్కింగ్ టైంటేబిలు!" అన్నారు బావగారు. "ఒంటి లైను మీద ఇనుప గుండులాంటి టోకెను డ్రైవరు చేతిలో పడితేనే బండి కదిలేది. అది చేతిలో ఉన్నంతసేపు ఎదురుగా ఇంకో బండి రాదు. అవతలి స్టేషను మాస్టరు ముఖం డ్రైవరు ఎన్నడూ చూసి ఉండడు. అయినా ఆ గుండును నమ్మి రాత్రివేళ వానలో వెయ్యిమందిని లాక్కుపోయేవాడు. టెలిఫోనులూ తంతులూ అన్నీ తెగిపోయిననాడు కూడా మాకు రాసిపెట్టిన పద్ధతి ఉండేది. ఒక ఇంజనును మెల్లగా పంపి సమాచారం కలుపుకునేవాళ్లం. పుస్తకంలో లేనిది మాత్రం ఎవడూ సొంత తెలివితో చేయకూడదు."

ఇంతసేపూ అక్కయ్య పులిహోర వడ్డించనేలేదు. అప్పుడు మెల్లగా అడిగింది.

"అయితే ఆ చిన్న మైదానంవాళ్లు లాంతరు పట్టుకుని సిద్ధంగా ఎలా ఉన్నారే? నువ్వు వస్తున్నట్టు వాళ్లకు ఎవరు చెప్పారు?"

పిల్ల నవ్వింది. "అదేనమ్మా నాకూ దిగాకే తెలిసింది. నేను 7600 పెట్టిన రెండు నిమిషాలకే కంట్రోలరు చూశాడట. నా దరిదాపుల్లో ఉన్న విమానాలకు చెప్పాడు. నేను వెనక్కి తిరగడం తెరమీద చూసి, ఎక్కడికి పోతానో ఊహించి, ఆ మైదానానికి ఫోనుచేశాడు. మా పాఠశాలకూ చేశాడు. నేను దిగి ఫోను చేసేసరికి, అవతలినుంచి 'తెలుసమ్మా, టీ తాగి కూర్చో' అన్నారు. రేడియో వెనకాల తీగ ఒకటి ఊడిపోయింది. అంతే జరిగింది."

అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. మైదానం మీద వాన వాసన వచ్చింది. దూరంగా ఏదో గూడ్సు బండి కూత వినిపించింది.

"అంటే, నువ్వు మాట్లాడలేకపోయినా, అందరూ నీ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారన్నమాట" అన్నది చివరికి.

నేను ఎన్నో పుస్తకాలు తిరగేసినా విమానయాన శాస్త్రాన్ని ఇంత చిన్న మాటలో చెప్పినవాళ్లు కనబడలేదు.

ఆ తరువాత పులిహోర ఆకుల్లోకి వచ్చింది. తింటూ నేను హైదరాబాదుకు సంబంధించిన పాత ముచ్చటొకటి చెప్పాను. 1945లో హైదరాబాదులో దక్కన్ ఎయిర్‌వేస్ అనే సంస్థ పుట్టింది. 1953లో తక్కిన సంస్థలతోపాటు దాన్నీ జాతీయం చేశారు. ప్రేమ్ మాథుర్ అనే ఆమె 1947లో వృత్తి పైలట్ లైసెన్సు సంపాదించి, ఆడపిల్ల నడిపితే ఎవరెక్కుతారని అనేక సంస్థలు కాదన్న తరువాత, ఈ దక్కన్ ఎయిర్‌వేస్‌లోనే కో-పైలట్‌గా చేరింది. కనుక ఈ దేశంలో ఆడపిల్ల ప్రయాణికుల విమానం నడపడానికి దారి దొరికింది మన హైదరాబాదులోనే.

"ఆమెకు వాళ్లమ్మ ఏం చెప్పిందో!" అన్నది అక్కయ్య. ఆ ప్రశ్నకు నాదగ్గర జవాబు లేదు. ఆమె కూడా ఆశించలేదు. కూతురి ఆకులో ఇంకో గరిటె వేసి, "దిగిన వెంటనే నాకూ ఫోను చేయాలి. పదిహేను రోజుల తరువాత కాదు. అదీ మీ రూళ్లలో రాసుకో" అన్నది. దాంతో మిగిలిన అరవై గంటలకూ అనుమతి వచ్చినట్టేనని మేము ముగ్గురం గ్రహించాం. బావగారు జేబులోని పచ్చ చేతిరుమాలు తీసి ఊపారు.

పాఠకులు ఈసారి వరంగల్లు వెళితే మామునూరు వైపు ఒక పూట కేటాయించండి. ఇంకొన్నాళ్లకు అక్కడ టవరు లేస్తుంది, అద్దాలు వస్తాయి, లోపల రాడారు తెరలు మెరుస్తాయి. ఎంత ఖరీదైన సామగ్రి పెట్టినా, బల్ల పక్కన ఒక లాంతరు తప్పకుండా ఉంటుంది. ఎర్ర, పచ్చ, తెల్ల వెలుగులిచ్చే ఆ లాంతరుకు ఏడాదిలో ఎన్నిసార్లు పని పడుతుందో చెప్పలేం. అయినా అది అక్కడ ఉంటుంది, దాన్ని పట్టుకునే మనిషి ఉంటాడు. ఎందుకంటే మాట వినిపించని వేళకు పనికివచ్చేది, మాట వినిపించేనాడు చేసుకున్న ఒప్పందమే.

ఎడ్లు తోలుకుపోయిన ఆ పెద్దాయన మాట నా మనసున పడింది కూడా ఇక్కడే. పైన పోయేవాడు కింద ఉన్నవాడి మాటను నమ్మి దిగుతాడు. ఆ రన్‌వే పొడిగించడానికి తన చెలక ఇచ్చే రైతు కూడా ఒక మాటను నమ్మే ఇస్తాడు. ఆయన చేతిలో రేడియో లేదు, రెక్కలు ఊపి గుర్తుచేసే వీలూ లేదు. ఆయనకు ఇస్తామన్నది వేళకు ఇచ్చిననాడే మామునూరు టవరులో వెలిగే పచ్చదీపానికి నిండు వెలుగు.